ముప్పై ఒకటో నంబరు జెర్సీ

కుకీల మీద చక్కెర పూతగా వేసే ఎరుపు ఐసింగును వాడవలసిన రోజుకు ముందురోజే కలిపి ఉంచాలి. కలిపినప్పుడు అది వెలిసిన గులాబీ రంగులోనే కనిపిస్తుంది. తొందరపడి ఇంకా రంగు పోసినవారికి మరునాడు నాలుక మీద చేదు మిగులుతుంది. ఓపికపట్టి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి వదిలివేస్తే, తెల్లవారేసరికి దానంతట అదే చిక్కబడి పండిన చెర్రీ రంగుకు వస్తుంది. మంగళవారం సాయంత్రం మార్లిస్ ఆ గుడ్డ కప్పుతూ ఉండగా హెదర్ వంటింటి తలుపు తోసుకొని లోపలికి వచ్చింది.

"అమ్మో, ఏం చలి మార్లిస్ గారూ! కనురెప్పలు కూడా గడ్డకట్టుకుపోతున్నాయి."

"ముందు ఆ తలుపెయ్యి. వేడంతా వీధిలోకి పోతోంది."

హెదర్ బూట్లకు అంటిన మంచును గుమ్మంలో దులుపుకొని, చేతితొడుగులు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది. ఊళ్లోని పిల్లల మంచు హాకీ జట్టుకు ఆమె భర్త కర్ట్ శిక్షకుడు. కొడుకు టానర్ ఆ జట్టు గోల్‌కీపరు. శుక్రవారం టానర్ పుట్టినరోజు. జట్టంతా విందుకు వస్తుంది. కుకీలు కావాలని ఫోనులో ముందే చెప్పింది. ఇప్పుడు వివరాలు చెప్పడానికి వచ్చింది.

"జట్టంతటికీ జెర్సీలు. తెల్లటివి, ఎర్ర నంబర్లు. ఎవరి నంబరు వాళ్లకి. మా వాడికి మాత్రం గోల్‌కీపర్ ముసుగు, కాస్త పెద్దది చెయ్యండి. కర్రలు కొన్ని. పక్‌లు మటుకు నల్లగా వద్దండీ, ఫోటోల్లో పిల్లల పళ్లు బొగ్గు నమిలినట్టు పడతాయి. నీలం వెయ్యండి."

"పక్ అనేది నల్ల రబ్బరు బిళ్ల, హెదర్."

"అబ్బా, కుకీయే కదండీ!"

"కుకీ మీదైనా సరే, నల్లగానే ఉంటుంది."

హెదర్ నవ్వి ఊరుకుంది. తరువాత తొడుగు వేళ్లను ఒక్కొక్కటే కొసలు పట్టి లాగుతూ, కిటికీ వైపు చూస్తూ అన్నది: "టిల్డాకి ఒక నీళ్ల సీసా చెయ్యండి. ముద్దుగా ఉంటుంది. మా వాళ్లందరికీ నీళ్లందించేది అదేగా! కర్ట్ అంటూనే ఉంటాడు, అది లేకపోతే మా బెంచి నడవదని."

టిల్డా మార్లిస్ కూతురి కూతురు. జట్టులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. రెండవ గోల్‌కీపరు.

"దానికీ జెర్సీ ఉంది," అన్నది మార్లిస్. "ప్రతి ఆటకీ వేసుకునే వస్తోంది. ముప్పై ఒకటి."

"ఉందనుకోండి. కానీ ఈ ఏడు ఒక్క ఆటా ఆడలేదు కదా! అందరితో సమానంగా జెర్సీ పెడితే మిగతా తల్లులేమనుకుంటారు? వాళ్ల పిల్లలు చెమటోడ్చి ఆడుతున్నారు. మీకు నేను చెప్పాలా?"

మార్లిస్ గిన్నె మీది గుడ్డ ఎత్తి, ఎరుపును ఒకసారి చూసి, మళ్లీ కప్పింది.

"శుక్రవారం మధ్యాహ్నానికి అన్నీ తయారుగా ఉంటాయి," అన్నది.

ఆ మాటను హెదర్ ఒప్పుకోలుగా తీసుకొని లేచింది.

ఆ ఊళ్లో జట్టు విందులకు కుకీలు కేవలం తినడానికి కాదు. బల్ల మీద పరచిన వాటిలో ప్రతి పిల్లవాడూ తన నంబరు వెతుక్కుంటాడు. వెతుక్కొన్న దానిని గుండెకు ఆనించి పట్టుకొని నిలబడితే ఫోటో తీస్తారు. ఆ ఫోటో మరుసటి శీతకాలం వరకు ఆట జరిగే మంచు రింకు గోడ మీద ఉంటుంది. ఇది మార్లిస్‌కు బాగా తెలుసు. అటువంటి బల్లలకు ఎన్నో ఏళ్లుగా కుకీలు చేస్తున్నది ఆమే.

బుధవారం పొద్దున్నే ఆమె పిండి మొదలుపెట్టింది. వెన్న మరీ మెత్తబడకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి గాని వేలు లోపలికి దిగకూడదు. పిండిని ముద్దగా చేసి, రెండు కాగితాల మధ్య అప్పడంలా ఒత్తి, చల్లబెట్టి, అప్పుడు అచ్చుతో కోయాలి. జెర్సీ అచ్చు నిజానికి పసిపిల్లల చొక్కా అచ్చు. దాని మెడను ఆమె తానే శ్రావణంతో నొక్కి సరిచేసుకొన్నది. కోసిన ముక్కలను మళ్లీ చలిపెట్టెలో గట్టిపరచనిదే పొయ్యిలోకి పంపదు. లేకపోతే అంచులు కరిగి, భుజాలు జారిపోయిన జెర్సీలు వస్తాయి.

నీళ్ల సీసాకు ఆమె దగ్గర అచ్చు లేదు. అట్టముక్క మీద గీసి కత్తిరించి, దానిని పిండి మీద ఉంచి సన్నని కత్తితో చుట్టూ కోసింది. అడిగినది అడిగినట్టు చేసి ఇవ్వడం ఆమెకు అలవాటు. తనకు నచ్చని ఆకారాలు, నచ్చని రంగులు ఆ చేతుల మీదుగా ఎన్నో పోయాయి. సీసా చక్కగా కాలింది. దానికి లేతనీలం ఐసింగుతో ముందు అంచు గీసింది. తరువాత పలుచని ఐసింగును గోరింటాకు కోను వంటి సంచితో లోపల నింపి, సూదితో బుడగలు చిదిమి, నునుపుగా సర్దింది.

టిల్డా సాధన ముగించుకొని వచ్చేసరికి చీకటి పడుతున్నది. తల్లి పక్క ఊరి ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆమె వచ్చేవరకు పిల్ల ఇక్కడే ఉంటుంది. తనకంటె పెద్దదైన సంచిని గుమ్మం నుండి ఈడ్చుకొంటూ వచ్చి పొయ్యి పక్కన పడవేసింది. తడిసిన కాలి తొడుగుల వాసన వెన్న వాసనలో కలిసింది.

"అక్కడొద్దు! నా కుకీలకి కంపు పడుతుంది."

"అమ్మమ్మా, ఇవాళ ఒక పక్ ముసుగు మీద తగిలింది. చర్చి గంట మోగినట్టు మోగింది లోపల!" టిల్డా నవ్వుతూ చొక్కా చేయి పైకి లాగింది. మోచేతి పైన అరచేయంత కమిలి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"అందరూనూ. సాధనలో అందరూ నా మీదే కదా కొట్టేది. టానర్ మోకాలు నొప్పంటాడు, వాళ్ల నాన్న వాణ్ణి ఆటకని దాచిపెడతాడు."

"నిన్నెప్పుడు ఆడిస్తానన్నాడు?"

"వచ్చే ఆటకన్నాడు." పిల్ల పళ్లెంలోని విరిగిన ముక్క తీసి నోట్లో వేసుకొంది. "పోయిన ఆటకీ అదే అన్నాడు."

అప్పుడు ఆమె చూపు బల్ల చివర ఆరుతున్న నీలపు సీసా మీద పడింది. దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకొని వంగి చూసింది. ఆరని ఐసింగును ముట్టుకోకూడదని ఆమెకు చిన్ననాటి నుండే తెలుసు.

"ఇది నాదేనా?"

"నీకెవరు చెప్పారు?"

"టానర్ చెప్పాడు. వాళ్లమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాట్ట." కొంతసేపు చూసి, తల ఊపింది. "బాగుంది. మూత ఎర్రగా పెట్టమ్మమ్మా. మావి ఎర్ర మూతలే."

ఆ మాటలో ఏడుపు ఉండి ఉంటే మార్లిస్ సహించగలిగేది. కోపం ఉన్నా సహించేది. పిల్ల గొంతులో ఏమీ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

మార్లిస్ ఎర్ర ఐసింగు సంచి తీసుకొని, సీసా మెడపైన పూత వేయకుండా వదిలిన చోట మూత పెట్టింది. గీత ఎక్కడా వణకలేదు. అందుకు తన చేతి మీద తనకే కోపం వచ్చింది.

గురువారం ఆమె ఆడపడుచు వర్నా కాఫీకి వచ్చింది. పిలవకుండా రావడం, వచ్చిన పని చెప్పకుండా కూర్చోవడం వర్నాకు అలవాటు. బల్లంతా తెల్లని జెర్సీలు వరుసగా ఆరుతున్నాయి. వర్నా కప్పు పెట్టుకోవడానికి చోటు వెతుక్కొని, చివరికి ఒడిలో పెట్టుకొంది.

"ఈ సీసా ఏవిటి వదినా, మందు సీసానా?"

"నీళ్ల సీసా. టిల్డాది."

వర్నా కాఫీ ఊదుకొని, ఒక గుక్క తాగి, "ఊరందరి పిల్లలకీ చొక్కాలు కుట్టి, మన పిల్లని బిందె పట్టుకుని నిలబడమన్నావన్న మాట," అన్నది.

"నేనన్నానా? హెదర్ అంది."

"హెదర్ అంది. నువ్వు చేశావు. రంగు కూడా బాగా కుదిరింది."

"నోర్మూసుకుని కాఫీ తాగు."

"తాగుతున్నా. అన్నయ్య ఉంటే ఆ కర్ట్ గారి ఇంటి ముందు మంచు తీసే బండి అడ్డంగా పెట్టేసేవాడు, తీసేవాడు కాడు వసంతం దాకా."

మార్లిస్‌కు నవ్వు వచ్చింది. దానితో పాటు రోషం కూడా వచ్చింది. లేచి, చలిపెట్టెలో మిగిలిన పిండి తీసి, ఒత్తి, జెర్సీ అచ్చు ఎత్తి బలంగా దించింది. వర్నా కాఫీ ముగించి వెళ్లేలోగా ఆ ఒక్క జెర్సీ కాలి, చల్లారి, తెల్లని పూత కూడా వేసుకొన్నది.

మార్లిస్ వంటి మనిషి చేయవలసిన తప్పు కాదు అది, అయినా చేసింది. తెల్లని పూత వేలికి గట్టిగా తగిలేవరకు ఎరుపు పెట్టకూడదు. పైన పెంకు కట్టినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. ఆ తడి ఎరుపును పీల్చుకొంటుంది. ఈ సంగతి ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో! అయినా ఆ సాయంత్రం ఆగలేకపోయింది. మూడు వేసింది, ఒకటి వేసింది. రెండూ అందంగా వచ్చాయి. స్నానం చేసి తిరిగి వచ్చేసరికి అంకెల అంచుల నుండి ఎరుపు తెలుపులోకి పాకి, చొక్కా మీద గాయం తడిసినట్టు పరచుకొన్నది.

గుమ్మంలో నిలబడి టిల్డా దానిని చూస్తున్నది.

"ముప్పై ఒకటి," అన్నది పిల్ల. "పాడైపోయింది."

"తొందరపడ్డాను."

"మరి సీసా?"

"సీసా కూడా ఉంది."

టిల్డా జెర్సీ మీదికి వంగి చూసింది. తరువాత, నిన్నటి నుండి మొదటిసారి, ఆమె గొంతులో ఏదో కదిలింది. "ఇంకోటి చేస్తావా?"

"చేస్తాను."

"అదీ పాడవకుండా?"

"పొద్దున దాకా ముట్టుకోను. నువ్వూ ముట్టుకోకు."

పాడైన జెర్సీని వారిద్దరూ చెరిసగం విరుచుకొని పాలతో తిన్నారు. ఇద్దరి నాలుకలూ ఎర్రబడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం హెదర్ ఇంటి నేలమాళిగలో పిల్లల గోల మోగిపోతున్నది. మార్లిస్ పెట్టె మోసుకొని వంటింట్లోకి వెళ్లింది. హెదర్ మూత ఎత్తి, "అబ్బ, ఎంత బాగున్నాయో!" అన్నది. నల్లని పక్‌లను చూసి నిట్టూర్చింది. జెర్సీల మీదుగా వేలు నడిపిస్తూ పోయి, ఒకచోట ఆగింది.

"ముప్పై ఒకటి."

"అవును."

"సీసా చెయ్యమన్నాను కదండీ."

"చేశాను. బానే వచ్చింది. కానీ పెట్టెలో పెట్టలేదు."

"మార్లిస్ గారూ, ఇది మా ఇంట్లో విందు."

"మీ ఇంట్లో విందే. జట్టు మాత్రం మీ ఇంటిది కాదు. చొక్కా ఇచ్చింది మీ ఆయనే కదా, నంబరు వేసి మరీ! ఆ చొక్కా ఆ పిల్ల ఒంటి మీద ఉన్నంతకాలం బల్ల మీదా ఉంటుంది. తీసెయ్యాలంటే నీ చేత్తో తీసెయ్. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

హెదర్ చెంపలు ఎర్రబడ్డాయి. ఆమె చేయి పెట్టె వరకు వెళ్లింది. మార్లిస్ తన కోటు గుండీలను ఒక్కొక్కటే విప్పుకొంటూ, వేరే పనేమీ లేనట్టు నిలబడింది. చివరకు హెదర్ పెట్టెను రెండు చేతులా ఎత్తి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మార్లిస్ కుర్చీ వెతుక్కొని కూర్చున్నది. చేతిసంచిలో చిన్న రేకు డబ్బా ఉంది. అందులో నీలపు సీసా ఉంది. ఎందుకు తెచ్చిందో తనకే తెలుసు. హెదర్ నిజంగా జెర్సీని తీసివేసి ఉంటే, ఫోటోలో పిల్ల వట్టి చేతులతో నిలబడకూడదని తెచ్చింది. తన ధైర్యం కింద ఆ మాత్రం పిరికితనం కూడా ఉన్నదని ఆమె ఎవరికీ చెప్పదలచుకోలేదు.

కింద పిల్లలు బల్ల చుట్టూ మూగి నంబర్లు వెతుక్కొంటున్నారు. "నా ఏడు నువ్వు తీసుకున్నావేంట్రా!" "పద్నాలుగు ఎవడిది? పద్నాలుగు!" మార్లిస్ మెట్ల మీద నుండి చూస్తున్నది. టిల్డా తోసుకోలేదు. గుంపు పలుచబడ్డాక వెళ్లి, తన జెర్సీని అంచులు పట్టి ఎత్తి, గుండెకు ఆనించుకొన్నది. ఫోటో తీశారు. మరుక్షణం అందరూ కరకరలాడించడం మొదలుపెట్టారు. నల్లబడిన పళ్లతో ఒకరినొకరు చూసుకొని నవ్వుకొన్నారు. టిల్డా తన కుకీని పళ్లెంలోనే ఉంచింది.

కర్ట్ అటుగా వచ్చి ఆగాడు. మంచివాడినని తన గురించి తాను అనుకొనే మనిషి ఆయన. పిల్లల తలలు నిమరడం ఎన్నడూ మరచిపోడు. "ఏంటి టిల్డా, తినవా? మీ అమ్మమ్మ చేతి కుకీ వదిలెయ్యకూడదు."

"తింటానండీ. ఆడాక తింటాను."

"ఆడాకా?"

"ఇది జెర్సీ కదండీ. ఇంకా ఆడలేదు కదా నేను."

చుట్టూ ఉన్న పిల్లలు నమలడం ఆపారు. కర్ట్ నవ్వాడు. "అప్పటిదాకా పాడైపోతుందేమో."

"పాడవదండీ. ఐసింగ్ బాగా ఆరితే వారాల తరబడి ఉంటుంది. రేపటి ఆటదాకా ఏమీ కాదు."

మాటల్లో ఎక్కడా అమర్యాద లేదు. కర్ట్ తల నిమరబోయి, చేయి వెనక్కి తీసుకొని, అటు ఎవరో పిలిచినట్టు వెళ్లిపోయాడు.

మార్లిస్ పైకి తిరిగి వచ్చి కోటు తొడుక్కొంటూ ఉండగా వెనుక అడుగుల చప్పుడయింది. టానర్. చేతిలో పెద్ద ముసుగు కుకీ ఉంది. అంచు కూడా కొరకలేదు.

"మామ్మగారూ, సీసా చేశారట కదా. ఏదండీ?"

"నీకెందుకురా సీసా? నీకు ముసుగు చేశాగా. ఆ ఊచలు గీయడానికి నా మెడ పడిపోయింది."

"బావుందండీ," అన్నాడు వాడు మర్యాదకు. కుకీని బల్ల మీద పెట్టి, మోకాలి మీద చేయి వేసుకొన్నాడు. "నాకు సీసాయే కావాలండీ. అమ్మ అన్నప్పట్నుంచీ అనుకుంటున్నా. అడుగుదామంటే, పుట్టినరోజు నాదైనా కుకీలన్నీ అమ్మే చెప్పేసింది."

మార్లిస్ వాడి ముఖంలోకి చూసింది. డబ్బా తీసి మూత తెరిచింది. వాడు సీసాను జాగ్రత్తగా అందుకొని, మొదట ఎర్ర మూతను కొరికాడు.

శనివారం రింకులో చలి, బయటి చలికంటె మొండిది. వర్నా రెండు కంబళ్లు తెచ్చి, ఒకటి కింద వేసి, ఒకటి ఇద్దరి మోకాళ్ల మీద కప్పింది. హెదర్ వారికి వెనుక వరుసలో కూర్చున్నది, పలకరించలేదు. మార్లిస్ ఒడిలో, కుకీ జెర్సీ దాచిన రేకు డబ్బా ఉంది. లోపలికి వెళ్తూ టిల్డా దానిని ఇచ్చి, "తెరవకు" అన్నది.

ఆటకు ముందు సాధనలో రెండవ గోల్‌కీపరు కొంతసేపు నిలబడి బంతుల వలె వచ్చిపడే పక్‌లను ఆపడం, తరువాత పక్కకు తప్పుకొని బెంచి మీదికి పోయి నీళ్ల బుట్ట అందుకోవడం మామూలు. ఆనాడూ టిల్డా నిలబడింది. అందరూ కొట్టారు. ఈల మోగింది. పిల్లలు గీత దగ్గరకు చేరారు. టిల్డా కదలలేదు.

"టిల్డా!" కర్ట్ అడ్డగోడ మీద చరిచాడు. "ఇక వచ్చెయ్!"

ఆమె కర్రను మంచు మీద ఆనించి, గోల్ ముందు అడ్డంగా నిలబడింది.

"టానర్, వెళ్లు. వెళ్లి నిలబడు."

టానర్ జారుకుంటూ వెళ్లాడు. రెండు ముసుగులూ దగ్గరగా వచ్చాయి. ఏమి మాట్లాడుకొన్నారో ఎవరికీ వినబడలేదు. టిల్డా తల అడ్డంగా ఆడించడం మాత్రం కనబడింది. టానర్ ఒక్క క్షణం ఆగి, వెనుదిరిగి, తిన్నగా బెంచి దగ్గరకు వచ్చాడు. గడియ తీసి లోపలికి వెళ్లాడు. ముసుగు విప్పి పక్కన పెట్టాడు. తండ్రి వంగి వాడి చెవిలో ఏదో అన్నాడు, వాడు కాదన్నాడు. మళ్లీ ఏదో అన్నాడు. వాడు బుట్టలో నుండి ఎర్ర మూత సీసా ఒకటి తీసుకొని లేచాడు. మంచు మీదికి వెళ్లి, దానిని గోల్ వల మీద, గోల్‌కీపరు తాగే నీళ్లు ఉండే చోట నిలబెట్టాడు. తన కర్రతో టిల్డా కాలి తొడుగులను ఆటగాళ్లు ధైర్యం చెప్పుకొనే తీరున ఇటొకసారి అటొకసారి తట్టి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"వాడికేమైంది?" వెనుక హెదర్ గొంతు వినబడింది.

రిఫరీ బెంచి దగ్గరకు వచ్చాడు. "ఎవరండీ మీ గోల్‌కీపరు?"

కర్ట్ కొడుకు వైపు చూశాడు. వాడు నీళ్ల బుట్టను కాళ్ల మధ్యకు లాక్కొని సర్దుకొంటున్నాడు. కర్ట్ గోల్ వైపు చూశాడు. రింకంతా ఎదురుచూస్తున్నది.

"ముప్పై ఒకటి," అన్నాడు.

ఆట మొదలైంది. ఎదుటి జట్టులోని పొడుగాటి పిల్లవాడు మొదటి దాడిలోనే పక్‌ను టిల్డా కాళ్ల మధ్యనుండి వలలోకి పంపాడు. అటువైపు వరుసలు లేచి అరిచాయి. హెదర్ పెద్దగా ఊపిరి వదిలింది. "చెప్పలేదూ," అన్నది ఎవరితోనో.

టిల్డా లేచింది. ముసుగు ఎత్తి, వల మీది సీసా అందుకొని ఒక గుక్క తాగి, దానిని తిరిగి అక్కడే నిలబెట్టింది. కర్రతో కుడి స్తంభాన్ని కొట్టింది; ఎడమ స్తంభాన్ని కొట్టింది; మోకాళ్లు వంచింది. వీపు మీద ఎర్రని అంకెలు తెల్లని బట్ట మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మార్లిస్ డబ్బా పట్టుకొని లేచి నిలబడింది.

"ఇంకోటి రానివ్వండిరా!" అని అరిచింది. ఆ వయసులో ఆ గొంతు ఎక్కడనుండి వచ్చిందో! "రండి, కొట్టండి చూస్తా!"

"కూర్చో వదినా," వర్నా కోటు పట్టుకొని లాగింది. "వెనకవాళ్లకి కనపడదు."

"కనపడకపోతే," అన్నది మార్లిస్ వెనుదిరగకుండానే, "లేచి నిలబడమను."